నూట నలభై మూడో పేజీ

పొద్దున ట్రిప్పు అయ్యాక బస్సు ఊడుస్తుంటే
వెనకనుంచి మూడో సీటు కింద దొరికింది.
అట్ట మూలలు వేయించిన అప్పడంలా మెలిదిరిగి,
లోపల ఎప్పటిదో అరటిపండు మరక,
మధ్యలో ఇరుక్కున్న పెన్సిలు ముక్క.
మొదటి పేజీలో పేరు: టిల్డా. తొమ్మిదో తరగతి.

సాయంత్రం ఇచ్చేద్దామనే పక్కన పెట్టాను.
కానీ బ్యూనిన్యాంగ్ నుంచి బల్లారట్‌కి పొద్దున ఒక ట్రిప్పు,
మళ్లీ మూడున్నరకి ఒక ట్రిప్పు.
నడిమధ్య ఆరు గంటలు
వెండూరీ చెరువుగట్టున
బస్సూ, నేనూ, చలికి మెడలు ముడుచుకున్న నల్లహంసలూ.
ఎంతసేపని చూస్తాం హంసల్ని.

మొదటి ముప్ఫై పేజీలూ విసుగే.
వాన, సముద్రం, మళ్లీ వాన.
యాభై రెండేళ్లవాడికి
ఇద్దరాడపిల్లల అలకలెందుకని మూసేశాను.
టీ తాగాను. మళ్లీ తెరిచాను.

కథకంటే ముందు నన్ను పట్టుకుంది టిల్డా పెన్సిలు.
అంచుల్లో నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తోంది:
'రూథ్ ఒట్టి పిచ్చిది.'
'అమ్మలందరూ ఇంతేనా?'
'ఇక్కడ బస్సులో గట్టిగా నవ్వేశాను.'
అవును, మొన్న మంగళవారం.
అద్దంలో చూసి ఏమిటో అనుకున్నాను.

రెండోరోజు, నూట నలభై మూడో పేజీ.
షిరీన్ కొత్త బడికి వెళ్లి షెరీ అయింది.
గేటు దగ్గర రూథ్ చెయ్యూపితే
'ఎవరే ఆ పిల్ల?' అన్నారు కొత్త స్నేహితురాళ్లు.
'మా వీధిలో ఎక్కడో ఉంటుంది' అంది షెరీ.

ఇంజను ఆపి ఉంది గనక సరిపోయింది.

చీరాల. గంటకి అర్ధరూపాయి అద్దె సైకిళ్ల షాపు.
దాని ఓనరు కొడుకు మస్తాన్‌వలీ
నాకు పైసా తీసుకోకుండా కాంచీ తొక్కడం నేర్పాడు.
మోకాలు చెక్కుకుపోతే గ్రీజు చేత్తోనే తుడిచాడు.
తొమ్మిదిలో నాన్న నన్ను ఇంగ్లీషు మీడియంలో వేశాడు.
పరీక్షరోజు నేను మర్చిపోయిన జామెట్రీ బాక్సు
వాడు ఎండలో తొక్కుకుంటూ తెచ్చి
గేటు ఊచల్లోంచి అందించాడు.
'ఎవడ్రా?' అన్నారు టై కట్టుకున్నవాళ్లు.
'మా సైకిలు బాగుచేసే కుర్రాడు' అన్నాను.
వాడికి వినిపించేటట్టే.

అబద్ధమైనా కాదు.
పంక్చర్లు వాడే వేసేవాడు.

ఆ పేజీ కింద టిల్డా రాసింది:
'నేనైతే జన్మలో క్షమించను.'
రెండుసార్లు గీత గీసింది.
రెండో గీత చివర ములుకు విరిగి ఒక చుక్క.

పుస్తకం రాసినావిడతో నాకొక్కటే పేచీ.
ఆ రాత్రి షిరీన్ దిండులో తలపెట్టి ఏడ్చిందట.
లేదమ్మా.
నేను పూరీలు తిన్నాను. ఇంకో రెండు వేయించుకున్నాను.
ఒళ్లెరక్కుండా నిద్రపోయాను.
ఏడుపు అంత తొందరగా రాదు.
వాడెక్కడున్నాడో కూడా
ఇన్నేళ్లలో ఎవర్నీ అడగలేదు.
ఇక్కడ నా బ్యాడ్జి మీద కోడీ అని ఉంటుంది.
ఎవరూ బలవంతపెట్టలేదు,
కోదండం పొడుగని నేనే కోసిచ్చాను.

పెన్సిలు ముక్క తీశాను, చుక్క కింద ఏదన్నా రాద్దామని.
తెలుగులోనా, ఇంగ్లీషులోనా?
అక్కడే ఆగిపోయాను. పిల్లలు వచ్చే వేళయింది.

శుక్రవారం తడిసిన మేజోళ్లతో ఎక్కింది టిల్డా.
ఇచ్చాను.
'చదివారా?'
'కొంచెం.'
'ఎంతవరకు?'
చెప్పాను. నా మొహంకేసి ఒక్కసారి చూసింది.
'చివరికి మాట్లాడుకుంటారా వాళ్లిద్దరూ?'
'చెప్పేస్తే ఇంకేముంది, కోడీ!'

వెనక్కి వెళ్లి కూర్చుంది.
దారిపొడుగునా అద్దంలో చూశాను,
పుస్తకం తెరవలేదు. కిటికీలో ఊదిన ఆవిరి మీద
వేలితో ఏదో గీస్తోంది.

తన స్టాపులో దిగబోతూ
పుస్తకం నా ముందున్న అరలో పడేసి
'సోమవారం తెచ్చిస్తే చాలు' అంది.

రేపు బట్టలుతుక్కోవాలి. బియ్యం తెచ్చుకోవాలి.
ఇంకా నలభై పేజీలున్నాయి.